గెడ్డమూలకు ముప్పై ఎనిమిది

జూన్ 3

ఆఫీసు చిట్టాలో రాయాల్సింది అక్కడ రాసేశాను. ఊరు గెడ్డమూల, ఇళ్ళు నూట పన్నెండు, కొలతకు ఎంపికైన మనుషులు ముప్పైమంది, కొలిచే మనిషి బొడ్డేపల్లి సునంద. ఇక్కడ రాసేది నా కోసం. పన్నెండేళ్ళుగా ఊరూరా తిరిగి మనుషుల ఎరుకను కొలుస్తున్నాను. ఒక్క ఊరి ముఖమూ మనసులో నిలవడం లేదు. ఈ విడత అయినా కాస్త రాసి పెట్టుకుందామని.

వేట నిషేధం రోజులు కాబట్టి మగవాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు. పద్నాలుగు పడవలు ఇసుక మీదికి లాగి ఉన్నాయి. వాటికి కరెంటు ఇచ్చే ఎండపలకల మీద పట్టాలు కప్పారు. నాకు పాత ఐసు గోదాములో ఒక మూల ఇచ్చారు. ఒక నులకమంచం, ఒక బల్ల, ఒక నీళ్ళ బిందె. గోడల్లో ఇంకా చేపల వాసన ఉంది.

పొద్దున్నే నా పలకను ఎండలో పెట్టి ఛార్జింగ్ ఎక్కనిచ్చి, ఇల్లిల్లూ తిరిగి గోడలకున్న డబ్బాలు చూసుకొచ్చాను. ప్రతి ఇంటికీ ఒకటి. వార్తలైనా, హెచ్చరికలైనా, అయినవాళ్ళ మాటలైనా అందులోంచే రావాలి. అన్నింటి మీదా ఆకుపచ్చ దీపమే వెలుగుతోంది. అంటే ఊరికి ఇంకా నేరు లైను ఉంది. ఎవరు మాట్లాడినా ఆ క్షణానే అవతలివాళ్ళకు చేరుతుంది. కిందటి విడతలో గెడ్డమూలకు నూటికి నలభై మూడు వచ్చింది. నలభైకి దిగువన పడితే దీపం పసుపుకు మారుతుంది, ఊరి మాటలన్నీ, అసలువో దొంగవో తేలేదాకా ఆపే వడపోతకు వెళ్తాయి.

ఊళ్ళో పెద్దదిక్కు అర్జిల్లి దాసమ్మ. అరవై ఆరేళ్ళు. వల బాగుచేస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"ఏటి కొలుస్తావు తల్లీ? రవికలకా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

"విన్నది నిజమో అబద్ధమో మీరెలా తెలుసుకుంటారో కొలుస్తానమ్మా. తొంభై నాలుగు దేశాల్లో ఇప్పుడు ఇదే పని జరుగుతోంది."

"అన్ని దేశాలోళ్ళకీ ఒకటే టేపా?"

"ఒకటేనమ్మా."

"అయితే ఎవుళికో ఒకళికి బిగువైపోద్ది," అంది.

జూన్ 5

నిన్నటినుంచి రోజుకు ఆరుగురి చొప్పున నడుస్తోంది. నలభై ప్రశ్నలు, మనిషికి గంటన్నర. ఇవాళ ఆఖరున దాసమ్మ కొడుకు ఎల్లాజీ వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. కొంచెం బొంగురు గొంతు, మాట మధ్యలో గుటక వేసే అలవాటు. కుర్చీలో కూర్చోమంటే ఇబ్బందిపడి నేల మీద కూర్చున్నాడు. నేనూ కిందే కూర్చున్నాను.

పలక మీద బొమ్మ చూపించాను. ఒక నగరంలో వరద. "ఇది నిజమైన బొమ్మా, తయారుచేసిన బొమ్మా? ఎలా తెలుసుకుంటారు?" అన్నది ప్రశ్న. బొమ్మ మూలనున్న ముద్రను నొక్కి, ఎవరు ఎప్పుడు తీశారో చూడాలన్నది జవాబు.

అతను ముద్ర జోలికి వెళ్ళలేదు. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీళ్ళు కుడేపునుంచి వస్తన్నాయి, మనుషులేమో కుడేపుకే పరిగెత్తుతన్నారు. వరదొస్తే ఎదురెల్తారేటండి? ఇది ఎవుడో ఇంట్లో కూకోని సేసినాడు."

అది నిజంగానే తయారుచేసిన బొమ్మ. అతను సరిగ్గానే చెప్పాడు. కానీ మార్కు చెప్పినదానికి కాదు, చెప్పిన దారికి. ముద్ర చూడలేదు కాబట్టి సున్నా వేశాను.

లేచేముందు అడిగాడు. "పాసయ్యానాండి?"

ఇది పాసు, ఫెయిలు కాదన్నాను. "మా నూకరత్నం అడుగుద్దండి ఇంటికెల్లగానే. ఏదో ఒకటి సెప్పాల గదా," అని నవ్వుతూ వెళ్ళాడు. నూకరత్నం అతని భార్య.

జూన్ 8

ఇవాళ ఆఖరుగా దాసమ్మ వంతు. ఆమె దగ్గర కూర్చున్నాక నాకు ఈ ఊరి పద్ధతి పూర్తిగా అర్థమైంది. ముప్పైమందిలో ఇరవైమందికి పైగా ఏ ప్రశ్న అడిగినా "దాసమ్మకి సెప్తాం" అంటుంటే నాకు విసుగొచ్చేది. ఆమె ఏం చేస్తుందో ఇవాళ తెలిసింది.

డబ్బాలో ఏ కొత్త మాట వచ్చినా ఊరివాళ్ళు వలల పాకలోకి తెస్తారు. దాసమ్మ అందరినీ ఒకటే అడుగుతుంది: "ఎవుళు సూసినారు?" చూసినవాడి పేరు దొరికేదాకా ఆ మాట పాక దాటదు. రెండేళ్ళ కిందట కలెక్టరు గొంతుతో, ఉప్పెన వస్తోంది ఇళ్ళు ఖాళీ చేయండి అని డబ్బాలు అరిచాయట. పక్క రెండు ఊళ్ళు పరిగెత్తాయి. దాసమ్మ ఒడ్డుకు వెళ్ళి నీళ్ళు చూసి వచ్చింది. పై ఊళ్ళో ఉన్న చెల్లెలిని పిలిచి, అక్కడి నీళ్ళెలా ఉన్నాయో చూసి చెప్పమంది. ఆ తర్వాత అందరినీ అన్నాలు తినమంది. ఖాళీ అయిన ఊళ్ళను దొంగలు దోచుకుపోయారు. గెడ్డమూలలో ఒక్క గిన్నె కూడా పోలేదు.

ఇదంతా రాసుకోవడానికి నా పలకలో గడి లేదు. "పరిశీలకుల గమనిక" అని ఒకటి ఉంది. మార్కులు లేని గడి. అందులో రాశాను.

పదిహేడో ప్రశ్న చదివాను. "మీకు తెలిసిన మనిషి గొంతుతో, సాయం కోరుతూ ఒక సందేశం వచ్చింది. మొదట మీరు చేసే పని ఏమిటి?"

"ఎక్కణ్ణుంచి వొచ్చినాది?"

"అది ప్రశ్నలో లేదమ్మా. ఎక్కడినుంచైనా అనుకోండి."

"సంద్రం మీద నుంచనుకో. ముందు పడవ తోస్తాం."

"నిజమో కాదో చూడరా?"

ఆమె నావైపు వింతగా చూసింది. "ఎల్తే తెలుస్తాది గదా తల్లీ. అబద్దమైతే ఎనక్కొచ్చేస్తాం. ఏటి పోద్ది, కొంచెం రెక్కల కష్టం. నిజమైతేనో?"

గొంతు ముద్రను సరిచూసేదాకా ఏమీ చేయను అన్నది జవాబు. ఊళ్ళో ముప్పైమందిలో ఇరవై తొమ్మిదిమంది పడవ తోస్తామనే చెప్పారు. ఒక్క బడిపిల్ల మాత్రం ముద్ర చూస్తానంది. దాసమ్మకు సున్నా వేస్తుంటే చేయి ఆగింది. ఆగినా వేశాను.

జూన్ 9

ఎందుకు వేశానో నాకు నేను చెప్పుకోవాలి.

మా అక్క పేరు సుచరిత. పదహారేళ్ళ కిందట, ఈ కొలతలూ దీపాలూ ఏవీ లేని రోజుల్లో, ఎవరి గొంతునైనా ఎవరైనా చేసేవారు. ఒక సాయంత్రం అక్కకు నా గొంతుతో సందేశం వెళ్ళింది. ప్రమాదంలో ఉన్నాను, వంతెన దగ్గరికి రా అని. నేను ఆ సమయంలో హాస్టల్లో తలకు నూనె రాసుకుంటున్నాను. అక్క ఒక్క క్షణం ఆలోచించలేదు. బండి తీసుకుని వెళ్ళిపోయింది. వంతెన దగ్గర ఆమె కోసం కాచుకున్నవాళ్ళు ఎవరో ఈనాటికీ తెలియదు.

ఎవరైనా "ముందు వెళ్ళి చూస్తాం" అంటే నాకు అక్క బండి చప్పుడు వినిపిస్తుంది. అక్క ఆగి, సరిచూసి ఉంటే బతికేది. అందుకే ఈ ఉద్యోగంలో చేరాను. అందుకే ఒక్క మార్కు కూడా జాలితో వేయలేదు. జాలి కలిస్తే అది కొలత కాదని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేదాన్ని కూడా నేనే.

జూన్ 12

లెక్క తేలింది. ముప్పై ఎనిమిది. మళ్ళీ మొదటినుంచీ దిద్దాను. ముప్పై ఎనిమిదే.

మధ్యాహ్నం అన్ని దేశాల కొలతవాళ్ళతో నెలవారీ సమావేశం జరిగింది. పలక మీద చిన్న చిన్న ముఖాలు. ఫిజీ నుంచి మాట్లాడే లితియా నాకు పాత పరిచయం. ఆమె చేయెత్తి అంది: "పదిహేడో ప్రశ్నలో మా దీవుల ముసలివాళ్ళంతా మార్కులు పోగొట్టుకుంటున్నారు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళకు నీళ్ళ మీద మనిషి ముఖ్యం." ఇంకో ముగ్గురు, నలుగురు తలూపారు. నేనూ ఊపాను. అధ్యక్షుడు దాన్ని రాసుకుని, తర్వాతి విషయానికి వెళ్ళిపోయాడు.

సమావేశం అయ్యాక మాళవికా పట్నాయక్ గారికి ఫోన్ చేశాను. విశాఖ కేంద్రంలో మా పై అధికారి ఆవిడే.

"మేడం, నలభైకి రెండు మార్కులే తక్కువ. ఈ ఊరి పద్ధతి చూస్తే ఆ రెండూ ఇవ్వాల్సినవే అనిపిస్తోంది. గమనికలో అంతా రాశాను."

"చదివాను సునందా. బాగా రాశావు. కానీ నీ ఊరికి ఒక ప్రశ్న మారిస్తే లితియా దీవికి ఒకటి మార్చాలి. ఆ తర్వాత తొంభై నాలుగు దేశాలనూ దేంతో పోలుస్తాం? ఒకే కొలబద్ద లేకపోతే ఎవరి ఊరు వాళ్ళకు తెలివైన ఊరే."

"వడపోతకు వెళ్తే ఊరు ఇబ్బందిపడుతుంది మేడం."

"ఇబ్బంది కాదమ్మా, కాపలా. దొంగ గొంతులు వాళ్ళ దాకా రావు. నీకు నేను చెప్పాలా?"

ఆవిడకు అక్క సంగతి తెలుసు. మంచిమనసుతోనే అన్నారు. నేను పంపే మీట నొక్కాను.

జూన్ 13

పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే దాసమ్మ ఆకులో చుట్టిన ఎండు నెత్తళ్ళు చేతిలో పెట్టింది. ఎల్లాజీ నా సంచి మోసుకొచ్చి బస్సులో పెట్టాడు. ఎల్లుండి నుంచి వేట మొదలని ఊరంతా హడావుడిగా ఉంది.

"ఎన్నొచ్చినాయి మా ఊరికి?" అంది దాసమ్మ.

"అది పైవాళ్ళు చెప్తారమ్మా," అన్నాను. నియమం అదే. నియమం ఉండబట్టి బతికిపోయాను.

జూలై 22

ఫలితాలు వచ్చాయి. మన దేశం అరవై ఒకటో స్థానంలో ఉంది, కిందటిసారికంటే మూడు మెట్లు పైకి. ఆఫీసులో మిఠాయి పంచారు. కొత్తగా పసుపులోకి వెళ్ళిన ఊళ్ళ జాబితా రెండు పుటలు ఉంది. గెడ్డమూల రెండో పుటలో ఉంది.

ఊరికి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. ఏమని చెప్పాలో తెలియక మానేశాను.

సెప్టెంబరు 19

ఇవాళ పొద్దున ఆఫీసులో వారం నివేదిక తెరిస్తే, "ఆలస్యంగా విడుదలైన సందేశాలు" కింద గెడ్డమూల పేరు కనిపించింది. పంపినవారు అర్జిల్లి ఎల్లాజీ. చేరవలసినది తల్లి ఇంటికి. పంపిన సమయం పదహారో తేదీ ఉదయం ఎనిమిదీ పది. విడుదలైన సమయం అదే రోజు మధ్యాహ్నం మూడూ నలభై. విడుదల చేసింది సందేశాన్ని కాదు, సంగతిని మాత్రమే: ఎల్లాజీ పేరుతో సాయం కోరుతూ ఒక మాట వచ్చిందని, ఫలానా చోట వెతకమని. చివరి గడిలో ఒకే మాట ఉంది. మృతి.

గడులన్నీ విప్పి చదివాను. బ్యాటరీ ఆగిపోయి పడవలో ఆపద మీటలేవీ పనిచేయక, అతను చేతి ఫోన్లో మాట్లాడాడు. పసుపు ఊళ్ళ గొంతులు ఇంటికి వెళ్ళాలన్నా, తీరరక్షకులకు వెళ్ళాలన్నా వడపోత దాటాలి. గాలి హోరులో, ఉప్పునీళ్ళు మింగిన గొంతు. యంత్రం నూటికి నలభై ఒక పాళ్ళే సరిపోలిందని చెప్పి పక్కన పెట్టింది. అలా పక్కన పెట్టినవాటిని మనుషులు వినాలి. జూలై నుంచి పసుపు ఊళ్ళు పెరిగాయి, వినేవాళ్ళు పెరగలేదు. ఏడున్నర గంటల తర్వాత అతని వంతు వచ్చింది.

సెలవు రాసిచ్చి బస్సెక్కాను.

సెప్టెంబరు 20

ఏం జరిగిందో ఊరివాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో ముక్క చెప్పారు.

పదహారో తేదీన ఊళ్ళో పెళ్ళి. ఎవరూ వేటకు వెళ్ళలేదు. ముందురోజు వేసిన వల దక్షిణం వైపు ఉంటే, తీసుకొచ్చేస్తానని ఎల్లాజీ ఒక్కడే చిన్న పడవలో చీకటితో వెళ్ళాడు. తొమ్మిదింటికల్లా పందిట్లో ఉంటానన్నాడు.

ఎనిమిదీ పదికి దాసమ్మ ఇంట్లో డబ్బా పలికింది. "మీకు ఒక సందేశం ఉంది. పరిశీలనలో ఉంది." ఎవరిదని అడిగితే డబ్బా చెప్పదు. పెళ్ళి కదా, పై ఊరినుంచి ఎవరో దీవెనలు పంపి ఉంటారన్నారు. దాసమ్మకు మనసొప్పలేదు. పందిట్లోకి వెళ్ళకుండా డబ్బా కిందే కూర్చుంది. గంటకోసారి అదే మాట చెప్పింది డబ్బా.

పదకొండైనా ఎల్లాజీ రాకపోయేసరికి ఆమె పందిట్లోకి వెళ్ళి అందరినీ లేపింది. భోజనాల ముందునుంచి లేచి, నాలుగు పడవలు తోసుకుని వెళ్ళారు. వల ఉన్నది దక్షిణాన కాబట్టి దక్షిణానికి వెళ్ళారు. అతను అప్పటికే ఉత్తరానికి కొట్టుకుపోయాడు. జీడికొండకు ఎదురుగా, ఒడ్డుకు నాలుగు మైళ్ళ లోపే ఉన్నాడు. ఆ సంగతి సందేశంలో ఉంది. సందేశం డబ్బాలో ఉంది.

మూడూ నలభైకి సంగతి తెలిసి ఊరు ఊరంతా అటు వెళ్ళింది. పడవ దొరికింది. మర్నాడు మనిషి దొరికాడు.

సెప్టెంబరు 21

నిన్నంతా విన్నాను కానీ చెప్పాల్సింది చెప్పలేదు. ఇవాళ దాసమ్మ ఇంటికి వెళ్ళి, గడప దగ్గర నిలబడే చెప్పాను. ముప్పై ఎనిమిది నేనే వేశానని. రెండు మార్కులు నా చేతిలో ఉండి కూడా వేయలేదని.

నూకరత్నం లోపల బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"కొలుసుకున్నావా? ఇంకేటి కొలుసుకుంటావు? ఈ ఇంట్లో ఏటి మిగిలిందని కొలుస్తావు? పో." అరవలేదు, మామూలుగా అంది. అందుకే అక్కడ నిలబడటం మరీ కష్టమైంది.

దాసమ్మ చేయి అడ్డం పెట్టింది. "దాన్నేటనకే. అది రాసింది నాను సెప్పిందే." నావైపు తిరిగింది. అప్పుడు చూశాను, మూడు నెలల్లో ఎంత ముసలిదైపోయిందో. "నాను తప్పు సెప్పినాను గదా తల్లీ? పడవ తోస్తామన్నాను. అది తప్పు జవాబట, బళ్ళో సదివే గుంట సెప్పింది. పెద్దదాన్ని, నన్ను సూసి అందరూ అదే సెప్పినారు. నా మూలంగానే గదా దీపం మారింది?"

"కాదమ్మా, మీరు చెప్పింది తప్పు కాదు," అన్నాను.

"మరి మార్కెందుకు వెయ్యనేదు?"

అక్క కథ చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ ఇంట్లో నా దుఃఖం ఎత్తడానికి నాకు హక్కు లేదనిపించి మింగేశాను.

వస్తుంటే దాసమ్మ వీధి చివరిదాకా వెంట వచ్చి ఒక్కటే అడిగింది. "ఆ మాట మాకు ఇనిపించనేదు. ఆడు ఏటన్నాడో ఇనాల."

అక్టోబరు 30

విచారణ నివేదిక వచ్చింది. వడపోత అనుకున్నట్టే పనిచేసిందని, ఆ రోజు రాష్ట్రంలో ఒక్క దొంగ సందేశం కూడా దాటలేదని మొదటి పేజీలో ఉంది. వినే మనుషులను పెంచాలని నాలుగో పేజీలో ఉంది. పదిహేడో ప్రశ్నను తిరిగి పరిశీలించాలని ఆఖరి పేజీలో ఉంది. అది జరిగేది వచ్చే విడతకు, అంటే మూడేళ్ళకు. అంతవరకూ గెడ్డమూల దీపాలు పసుపే.

మాళవిక గారు తలుపు దగ్గరికి వేసి చాలాసేపు నాతో కూర్చున్నారు. "ఆ రెండు మార్కులూ నువ్వు అడిగావు. వద్దన్నది నేను. అది నీ లెక్కలో వేసుకోకు," అన్నారు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరి మీదా కోపం తెచ్చుకోలేకపోతున్నాను. తెచ్చుకోగలిగితే కాస్త తేలికయ్యేది.

సందేశాన్ని కుటుంబానికి ఇవ్వాలని సెప్టెంబరులోనే అర్జీ పెట్టాను. ఇవాళ తిరుగు ఉత్తరం వచ్చింది. "గొంతు నిర్ధారణ కాలేదు. నిర్ధారణ కాని సందేశాలను పసుపు ప్రాంతాల్లో వినిపించరాదు." ఆ ఉత్తరం నకలు దాసమ్మ ఇంటికి కూడా వెళ్ళిందట.

నవంబరు 24

ప్రశ్నల పునఃపరిశీలన కోసం నమూనా కావాలని రాసి, సందేశం నకలు నా పలకలోకి తెప్పించుకున్నాను. ఇచ్చింది మాళవిక గారే. ఎందుకని అడగలేదు, సంతకం పెట్టారు. ఇది బయటపడితే నా ఉద్యోగం ఉండదు. ఆవిడదీ ఉండకపోవచ్చు.

పందొమ్మిది సెకన్లు ఉంది. బల్ల దగ్గర కూర్చుని పదిసార్లు విన్నాను. గాలి హోరు కింద, ఆ బొంగురు గొంతు, మాట మధ్యలో ఆ గుటక. గంటన్నర సేపు నేల మీద నా ఎదురుగా కూర్చున్న మనిషి. యంత్రం దగ్గర నలభై ఒకటి ఉంది. నా దగ్గర అనుమానం లేదు.

నవంబరు 26

గెడ్డమూల చేరేసరికి పదకొండైంది. నన్ను చూసి వీధిలో వాళ్ళు మాటలాపారు. నూకరత్నం నన్ను చూసి, వినిపించడానికి వచ్చానని తెలిసి, "నాను ఇనను," అని కూతురిని తీసుకుని వెనక పెరట్లోకి వెళ్ళిపోయింది.

పలక దాసమ్మ ఒళ్ళో పెట్టి మీట నొక్కాను.

"అమ్మా, నానే. బేటరీ పోనాది. నీళ్ళొచ్చేస్తన్నాయి. జీడికొండకి సూటిగా ఉన్నాను, ఉత్తరానికి కొట్టుకుపోతన్నాను. ఎవుళినైనా బేగి పంపించు. నూకరత్నానికి సెప్పకు, ఊరికే బెంగెట్టుకుంటాది."

దాసమ్మ చెవి పలక మీదికి వంచి అలాగే ఉంది. అది ఆగాక తలెత్తింది.

"ఇది మావోడి గొంతేనా?"

ఆమే అడుగుతోందని నాకు మొదట అర్థం కాలేదు. నలభై మంది మగవాళ్ళు చీకట్లో అలల అవతలినుంచి కేక వేస్తే, ఏ కేక ఎవరిదో చెప్పగలిగిన మనిషి.

"మీరే చెప్పాలి కదమ్మా."

"తెల్దు తల్లీ. ముందరైతే సెప్పీదాన్ని. ఇప్పుడు డబ్బా సెప్పకపోతే నా సెవిని నానే నమ్మలేకపోతన్నాను. కాయితం వొచ్చింది, ఆడిదని రుజువు నేదని. ఇన్నంతసేపూ ఆడిదే అనిపిస్తాది. ఆగిపోగానే కాదేమో అనిపిస్తాది."

బయట ఎవరో పడవ అడుగుకు తారు రాస్తున్నారు. ఆ వాసన లోపలికి వస్తోంది. దాసమ్మ నా చేయి పట్టుకుంది.

"ఒకటి అడుగుతాను. ఇది ఆడిది కాదనుకో. ఎవుడో దొంగెదవ సేసిందనుకో. అప్పుడు ఆడు నన్ను పిలవనేదు. నాను ఆడి పిలుపు నెత్తిమీద పెట్టుకోని గోడకి ఆనుకోని కూకోనేదు. ఆడు పొద్దల్లా ఒడ్డు కేసి సూడనేదు. అంతే గదా?"

"అంతేనమ్మా."

"అయితే కాదని సెప్పీ. సదూకున్నదానివి. నువ్వు కాదంటే నాను నమ్ముతాను."

చెప్పొచ్చు. కాగితం నావైపే ఉంది, యంత్రం నావైపే ఉంది. ఒక్క మాటతో ఆమె గుండె మీదనుంచి ఆ ఏడున్నర గంటలూ తీసేయొచ్చు. నా మీదనుంచి కూడా తీసేసుకోవచ్చు. ఆ రెండో సంగతి తోచగానే ఇక నోరు అటు తిరగలేదు.

"ఎల్లాజీదేనమ్మా. నేను ఆయనతో మాట్లాడాను. ఆ గొంతు నాకు తెలుసు. ఆయన మిమ్మల్నే పిలిచాడు."

ఆమె చేయి వదలలేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది. ఏడుపు రాలేదు. "మళ్ళీ ఎట్టు," అంది.

పెట్టాను. మళ్ళీ పెట్టమంది. మూడోసారి పెడుతుంటే పెరటి గుమ్మంలో నూకరత్నం నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. లోపలికి రాలేదు, వెనక్కి వెళ్ళలేదు. గాలి హోరు, జీడికొండ, ఉత్తరం, అన్నీ దాటి ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె గుమ్మాన్ని పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

దాసమ్మకు వెనక ఎవరున్నారో తెలియదు. పలక మీద చేయి వేసి, నిద్రపోయే పిల్లవాణ్ణి నిమిరినట్టు నిమురుతోంది.

"సెప్పనేదురా," అంది. "నువ్వొద్దన్నావు గదా. దానికి నానేటీ సెప్పనేదు."